జపానులో ఒక మామ్మగారి యింట

అమెరికా పోయివచ్చిన తలిదండ్రులు మా కాట్రేనికోనలో వీధి కిద్దఱైనను కనబడుదురు. అచ్చటి చలిని గూర్చియు, బిడ్డల కారులను గూర్చియు వారు చెప్పగా విని విని మాకు కంఠస్థమైనది. జపాను సంగతి చెప్పువారు మాత్రము తటస్థింపలేదు. అందుచేత 2025వ సంవత్సరము మే నెలలో మేము జపానునకు పోయి వచ్చినది మొదలు ఇరుగుపొరుగు సోదరీమణులు "అక్కడ ఏమేమి చూశారండీ?" అని అడుగుచునే యున్నారు. ఆ దినములలో ఒసాకా నగరమున గొప్ప జగత్ప్రదర్శనము జరుగుచుండెను. దానిని మేము చూడలేదు. ఫూజీ పర్వతమును రైలు కిటికీ నుండి చూతమనుకొనగా మబ్బు క్రమ్మినది. మేము తనివితీర చూచినది ఒక యిల్లు. ఆ యింట రెండు రాత్రులుంటిమి. దానిని గూర్చియే వ్రాయుచున్నాము.

మావారు బడిపంతులు. వేసవి సెలవులలో దప్ప వారికి తీరిక లేదు. మా చెల్లెలును దాని భర్తయు టోక్యో నగరమున నిషికసాయి యను పేటలో కాపురమున్నారు. భారతీయులు హెచ్చుగా నుండు పేట యది. కందిపప్పు, మినపప్పు అమ్ము అంగడులు గలవు. వీధిలో తెలుగుమాట చెవిని బడును. చెల్లెలు రెండేండ్లుగా రమ్మని పోరుచుండెను. ప్రవరునకు సిద్ధుడు పాదలేప మిచ్చినట్లు దాని భర్త మాకు టికెట్లు పంపెను. ప్రవరుని లేపము మంచులో కరగిపోయినది గాని, మా తిరుగు టికెట్లు భద్రముగనే యుండెను.

బయలుదేరుటకు ముందు మాయింట నొక తెగని మాట నడచుచుండెను. మాది మామగారి తండ్రిగారు కట్టించిన మండువా లోగిలి. ఏటేట వానలకు ముందు పెంకు సర్దించవలెను. దూలములకు చెద పట్టకుండ కనిపెట్టవలెను. మండువాలో నాచు తోమవలెను. హైదరాబాదులో నున్న మా బావగారును, బెంగుళూరులో నున్న మఱిదియు "ఇది పడగొట్టి డాబా వేయుదము, లేనిచో అమ్మివేయుదము" అని చెప్పుచున్నారు. ఆ యింట చీపురు పట్టునది మేమును మా అత్తగారును గాని వారు కారు కదా యని ఒకప్పుడు కోపము వచ్చెడిది. కాని నిజము చెప్పవలెనన్న, చీపురు పట్టి అలసినవారము గనుక మా మనసును డాబా మీదికే పోవుచుండెను. "జపాను పోయివచ్చి చెప్పెదము" అని మావారు మాట దాటవేసిరి.

ఏప్రిల్ కడపటి దినముల నుండి మే మొదటి వారము వఱకు ఆ దేశమున పండుగ సెలవులు వరుసగా వచ్చును. చెల్లెలి భర్తతో కూడ పనిచేయు నొక జపాను పెద్దమనిషి, తన తల్లి ఊజీ పట్టణమున ఒంటిగా నున్నదనియు, దూరదేశపు చుట్టములు వచ్చినచో ఆమె సంతోషించుననియు చెప్పి మమ్ము పిలిచెను. తానుమాత్రము పనివలన రాలేకపోయెను. మేము నలువురము టోక్యో నుండి క్యోటో వఱకు, 1964 అక్టోబరు 1వ తేదీన మొదలైన ఆ ప్రఖ్యాతమైన రైలుమార్గమున పోయితిమి. రెండుంబావు గంటలు పట్టినది. మా ఊరినుండి రాజమహేంద్రవరము పోవు బస్సునకు అంతకు తక్కువ పట్టదు. క్యోటోలో చిన్నరైలు ఎక్కి ఊజీలో దిగితిమి.

ఊజీలో ఒక నది కలదు. మా వృద్ధగౌతమిని చూచిన కన్నులకు అది ఒక పెద్దకాలువ, కాని వడి యెక్కువ. నది యొడ్డున బ్యోడోయిన్ అను బౌద్ధాలయము గలదు. అందలి ప్రధానమందిరము 1053లో కట్టినది. అనగా రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమున ఏలుచున్న కాలమునాటిది. అంతకంటెను మమ్ము నిలువరించిన సంగతి వేఱొకటి. జపాను వచనకథలలో తలమానికమైన గెంజి కథ వ్రాసినది మురసాకి షికిబు అను స్త్రీ. మహారాణి కొలువులో నుండినది. మన నన్నయభట్టారకుడు భారతమున కారంభించుటకు కొన్ని దశాబ్దముల ముందే ఆమె ఆ కథ వ్రాసినది. అందలి కడపటి పది యధ్యాయములు ఈ ఊజీ తీరముననే నడచును. తండ్రి ఆమె సోదరునకు చీనా గ్రంథములు చెప్పుచుండగా ఆమె ప్రక్కన కూర్చుండి విని వానికంటె ముందుగా గ్రహించెడిదట. ఇది మగబిడ్డ కాకపోయెనే యని తండ్రి విచారించెడివాడట. ఆ సంగతి ఆమెయే తన దినచర్యలో వ్రాసికొన్నది. మేమును మా తాతగారు మా అన్నకు మనుచరిత్రము చెప్పుచుండగా స్తంభము చాటున కూర్చుండి నేర్చినవారమే. మా అన్న ఇప్పుడు ఇంజనీరు. ఒక్క పద్యమును నోటికి రాదు. నది యొడ్డున మురసాకి విగ్రహమును చూచి మేము నమస్కరించితిమి. చెల్లెలు నవ్వినది, నవ్వనిండు.

ఇక ఇంటి సంగతి. చెక్కయిల్లు, నల్లని పెంకు. వీధి తలుపు లాగగనే చిన్నగది. దానిని గెంకాన్ అందురు. అది నేలమట్టము, అచ్చటినుండి జానెడెత్తు మెట్టెక్కినచో ఇల్లు. పాదరక్షలు క్రిందనే విడువవలెను. మనవలె కాళ్ళకు నీళ్ళిచ్చు ఆచారము లేదు గాని గడప విలువ అదియే. మావారు తొందరలో చెప్పులు చెల్లాచెదరుగా విడిచిరి. ఎనుబదిరెండేండ్ల ఆ యింటి పెద్దావిడ మోకాళ్ళపై కూర్చుండి, ఆ చెప్పులను దగ్గఱగా చేర్చి, మొనలు వీధివైపునకు త్రిప్పి పెట్టినది. పోవునప్పుడు అతిథికి తొడుగుకొన వీలగుటకట. సిగ్గుతో మా తల వంగిపోయినది. మా చెల్లెలు ఆమెను జపాను మాటలో అవ్వా యని పిలుచుచుండెను. మేము మా ఊరి అలవాటు కొలది "మామ్మగారూ" అంటిమి. ఆ మాట ఆమెకు నచ్చి, రెండుమూడు మాఱులు పలికి నేర్చుకొన్నది.

గదులలో తతామి యను చాపలు పఱచియుండును. ఎండుగడ్డిని దళసరిగా కుట్టి, పైన తుంగవంటి గడ్డితో అల్లిన చాపను బిగింతురు. ఒక్కొక్కటి దాదాపు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గది యెంతయని యడిగినచో ఇన్ని చాపలని చెప్పుదురు. దానిపై ఇంట తిరుగు మెత్తని చెప్పులుకూడ పనికిరావు; చాప అంచు త్రొక్కరాదు. మరుగుదొడ్డికి వేఱు చెప్పులు. ఆ చెప్పులతోనే మావారు పడకగది వఱకు నడచి వచ్చిన సంగతి విస్తరింపము.

పెద్దగదిలో గోడకు లోపలిగా ఒక గూడు. అందులో ఒక వ్రాత పటము, క్రింద ఒక్క నీలిపువ్వు. దేవుడు లేడు, దీపము లేదు. ఐనను దానిలో కాలు పెట్టరు. ఆ గూటికి దగ్గఱ కూర్చుండుట అతిథికి గౌరవము. చాపపై మోకాళ్ళు ముడిచి, మడమలమీద కూర్చుండవలెను. మేము నేలమీద కూర్చుండి కూరలు తరుగువారమే యైనను, పావుగంటలో కాళ్ళు మావి కాకపోయినవి. మావారు అంతకు ముందే బాసిపట్టు వేసికొనిరి. మగవారి కది చెల్లునట.

మేము ఆత్రేయపురపు పూతరేకులు ఒక పెట్టె పట్టుకొని పోయితిమి. ఇప్పుడు వానికి 2023 నుండి భౌగోళికపు గుర్తింపు గూడ వచ్చినది కదా, మా కోనసీమ కానుకగా నుండునని తలచితిమి. మామ్మగారు పెట్టెను రెండుచేతుల నందుకొని, తెరువక, ప్రక్కగదిలోనికి తీసికొనిపోయినది. అచ్చట నల్లని చెక్కబీరువావంటి దొకటి కలదు. అందు బుద్ధమూర్తి, కాలము చేసిన భర్త పేరు చెక్కిన పలక. ఆమె పెట్టెను దానిముందుంచి, చిన్నగంట మ్రోగించి, చేతులు మోడ్చి ఏమో చెప్పినది. చెల్లెలు అర్థము చెప్పెను: "భారతదేశము నుంచి చుట్టాలు వచ్చారు, మీకు మిఠాయి తెచ్చారు" అన్నదట. ప్రతిదినము తెల్లవాఱగనే ఆయనకు అన్నము, తేనీరు పెట్టిన పిమ్మటనే తాను తినునట. తరువాత మాకును తనకును పూతరేకులు పంచి, తనదానిని చేతబట్టి, పైకాగితము ఒలుచుటకు చాలసేపు ప్రయత్నించినది. కాగితము లేదు, అంతయు తినవలసినదే యని చెల్లెలు చెప్పగా నోటిలో వేసికొని, తమ తలుపులకు అంటించిన కాగితమును చూపి, ఈసారి చిరిగినచో దీనితోనే అతుకుదు ననెను. అప్పటినుండి మాకు భయము పోయినది.

ఆమె తేనీటి విద్య నేర్చినది, నేర్పినది. అది విద్యయే. పదునాఱవ శతాబ్దమున సెన్ నో రిక్యూ అను మహనీయుడు దానిని తీర్చిదిద్దెను. ఆయన 1522లో పుట్టి, 1591లో ప్రభువు ఆజ్ఞచే ప్రాణములు విడిచినవాడు. ఆ సంప్రదాయపు తేనీటి గుడిసెకు ద్వార మెంత చిన్నదనగా, ఎంతటివాడైనను వంగి ప్రాకి పోవలెను. కత్తి వెలుపల నుంచవలెను. ఊజీ తేయాకు ఆ విద్యకు పెట్టినది పేరు. చిగురు వచ్చిన తరువాత ఇరువది దినములు దాటునట్లు తడికలతోను, గడ్డితోను ఎండ తగులకుండ తోటలను కప్పుదురు. మన తమలపాకు తోటలకు నీడ కట్టినట్లు. ఆ యాకును ఎండించి రాతి తిరుగలిలో విసరగా పచ్చని పొడి వచ్చును. ఒక్క వెదురుముక్కను సన్నని పుల్లలుగా చీల్చిన కవ్వముతో దానిని వేడినీటిలో చిలుకుదురు.

మామ్మగారు మమ్ము వరుసగా కూర్చుండబెట్టునప్పుడు, గూటికి దగ్గఱి మొదటి చోటు చూపినది మావారికి గాదు, మాకు. మేము వెనుకకు జరిగితిమి. ఆమె చెల్లెలి నడిగినది: "వాళ్ళ ఇంట్లో అతిథి వస్తే నీళ్ళు తెచ్చి ఇచ్చేది ఎవరు?" "అక్కయ్యే" అని చెల్లెలు చెప్పినది. "అయితే ఈవేళ ఆమే కూర్చోవాలి" అని మామ్మగారు తీర్పు చెప్పినది. పెండ్లియైన పదునాఱేండ్లలో చుట్టముల నడుమ పీటమీద మొదట కూర్చున్న దినము మా కది యొక్కటే.

ఇచ్చట నొక చిక్కు వచ్చినది. చిక్కని తేనీరు కలిపినప్పుడు అందఱకు ఒక్కటే గిన్నె. మొదటి అతిథి మూడున్నర గ్రుక్కలు త్రాగి, అంచు తుడిచి, ప్రక్కవారికి అందింపవలెను. 2020లో అంటురోగము వ్యాపించినప్పటినుండి పలువురు ఒక్కొక్కరికి వేఱు గిన్నెలో ఇచ్చుచున్నారట. "మీకు ఎలా ఇమ్మంటారు?" అని ఆమె అడిగినది. ఎంగిలి యన్న మాట ఉగ్గుపాలతో నేర్చినవారము మేము. మంచినీళ్ళైనను పెదవి తగులకుండ ఎత్తి పోసికొందుము. అందులోను మొదట త్రాగవలసినది మేము, తరువాత త్రాగవలసినది మావారు! భర్త విస్తరిలో భార్య తినుట విన్నాము, కన్నాము. భార్య పెదవి తాకిన గిన్నె భర్త కందించుట మా వంశమున ఎవ్వరును వినలేదు. చెల్లెలు నేలచూపులు చూచుచు నవ్వాపుకొనుచుండెను. వేఱు గిన్నెలు చాలునని చెప్పుటకు నోరు తెఱచితిమి. కాని ఆమె ముందు ఒక్క గిన్నెయే యున్నది. మోటుగా, నల్లగా, ఒకచోట పగిలినదానిని లక్కతో అతికి బంగారు పొడి అద్దినది. మావారు మావైపు చూచి "ఒక్కటే చాలని చెప్పు" అనిరి.

గిన్నె రెండు చేతుల నెత్తుకొని, దాని ముఖభాగము మన పెదవికి రాకుండ కొంచెము త్రిప్పి, త్రాగితిమి. చేదు, పిదప నాలుకపై ఏదో తీపి. అంచు తుడిచి మావారి కందించితిమి. వారు ఒక్కక్షణమైన ఆగక త్రాగిరి. ఈ సంగతి మా అత్తగారు ఈ పత్రిక చదివినప్పుడే తెలిసికొందురు. వారికి మా క్షమాపణలు.

భోజనమును గూర్చి మాకు బెంగ యుండెను. అచ్చటి వంటలలో చాలవఱకు ఎండుచేప కాచిన నీరు కలియును, కంటికి కనబడదు. శాకాహారుల కది పెద్ద బాధ. మామ్మగారు ముందుగనే విచారించి, బౌద్ధసన్న్యాసుల మఠములలో చేయు పద్ధతిని వండినది. చేపనీటికి మాఱుగా సముద్రపు నాచును, ఎండుపుట్టగొడుగులను నానబెట్టిన నీరు, వెదురుమొలకల కూర, సోయాపాలు కాచినప్పుడు పైన కట్టు మీగడ. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ ఋతువున కా ఋతువునకు తగిన వంటలతో అతిథులను ఆదరించుట చదివి, ఇట్టివారు కావ్యములలోనే యుందురని తలచియుంటిమి. వెదురుమొలకలు ఆ దినములలోనే దొరకునట.

మఱునాడు మే 5, బాలుర పండుగ. ఇండ్లపై గుడ్డతో చేసిన పెద్దచేపలు గాలికి ఈదుచుండెను. ఆకులో చుట్టిన పిండివంట పెట్టినది. మా కోనసీమ పనసాకు పొట్టిక్కలు తలపునకు వచ్చినవి, ఇవి తీపి యనుటయే భేదము. ఆ రాత్రి స్నానపుతొట్టిలో వాసనగల పొడుగాటి ఆకులు వేసిరి. వెలుపల ఒడలు తోమి కడుగుకొన్న పిమ్మటనే తొట్టిలో దిగవలెను; అందఱకు నదే నీరు. తేనీటి గిన్నె దాటినవారికి తొట్టి యొక లెక్కయా!

చదువరులు వినదగిన దొకటి మఱచితిమి, ఊరగాయ. వారిది ఉమె యను పుల్లని కాయ. ఉప్పులో ఊరబెట్టి, వానలు వెలిసిన పిదప ఎండలో ఆరబెట్టి, జాడీలో నిలువచేయుదురు. ముప్పది నలువదేండ్లున్నను చెడదు. ఆమె అలమార అడుగునుండి ఒక చిన్నజాడీ తీసినది. తాను కాపురమునకు వచ్చిన యేట అత్తగారు వేసినదట. అడుగున ఏడెనిమిది కాయలు, నల్లబడి ముడుతలు పడి యున్నవి. మాకు నలువురకు రెండు కాయలు చీల్చి పెట్టినది. వలదన్నను వినలేదు. ఉప్పు, పులుపు, కాలము — అంతకంటె రుచి చెప్పలేము. "మీ అబ్బాయిగారికి దాచండి" అంటిమి. "వాడికి ఉప్పు పడదు" అని ఆమె నవ్వినది.

ఆ యింటి నడుమ స్తంభముపై చాకుతో గీసిన గీతలు గలవు. ఏటేట ఆ పండుగనాడు కొడుకు ఎత్తు కొలిచి గీసినవి. పదునాల్గవయేటితో ఆగినవి. మావారు వానిని వ్రేలితో తడవుచు చాలసేపు నిలిచిరి. రాత్రి పడకలు పఱచుచుండగా మేమే అడిగితిమి, తరువాత ఈ యిల్లు ఏమగునని. అడుగరాని మాటయని పిమ్మట తోచినది. ఆమె నొచ్చుకొనలేదు. కొడుకు టోక్యో విడిచి రాడు. ఆ వీధిలోనే మూడిండ్లు మూతపడియున్నవి. ఆ దేశమున 2023 లెక్కలలో ఎవ్వరును కాపురము లేని యిండ్లు దాదాపు 90 లక్షలు, నూటికి 13.8 వంతు. అఱువదియైదేండ్లకు పైబడినవారు జనములో నూటికి ఇరువదితొమ్మండ్రు. "నేను పోయిన తరువాతి సంగతి నాకెందుకు? రేపు పొద్దున్న చాపలు తుడవాలి, అది నా పని" అనెను. తెల్లవాఱి మేము లేచునప్పటికే ఆమె తుడుచుచుండెను. మేము గుడ్డ తీసికొని రెండవగది తుడిచితిమి. అతిథి చేయరాదని ఆమె అనలేదు. నీళ్ళ బకెట్టు మావైపు జరిపినది.

బయలుదేరునప్పుడు చెల్లెలు మాకొక మాట నేర్పినది. ఆ దేశమున ఇల్లు విడుచునప్పుడు పోవుచున్నాననరు. మనవలెనే "వెళ్ళివస్తాను" అందురు. ఇంటనున్నవారు "వెళ్ళి రండి" అందురు. చుట్టములు సెలవు తీసికొనుట కా మాట కాదట, ఇంటివారికే. మేము తెలిసియే ఆ మాట పలికితిమి. మామ్మగారు ఒక్కనిమిష మాగి, "వెళ్ళి రండి" అనెను. మా చెప్పులు వీధివైపు తిరిగి సిద్ధముగా నుండెను. మలుపు తిరుగు వఱకు ఆమె వీధిలో నిలిచి వంగి నమస్కరించుచునే యుండెను. ఆమె లోనికి పోయి, ఎవ్వరును లేని యింటికి "వచ్చాను" అని చెప్పును. ముందటి దినము నది నుండి తిరిగి వచ్చినప్పుడు మేము విన్నాము.

కాట్రేనికోన చేరిన రాత్రియే మా అత్తగారికి ఈ సంగతులు, గిన్నె సంగతి దప్ప, చెప్పితిమి. ఆమె అంతయు విని, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి మాట ఎత్తిరి. ఆ తుపానున మా సీమలో ఎందఱు పోయినదియు చదువరులకు తెలియును. బలుసుతిప్ప వైపు వేటకు పోయినవారు తిరిగిరాని యిండ్లు ఇప్పటికిని గలవు. ఆ రాత్రి మా పెంకు సగము ఎగిరిపోయినను, మిగిలిన రెండు వసారాలలో చుట్టుప్రక్కల గుడిసెలవారు తలదాచుకొనిరట; తడిసిన కట్టెలతో అత్తగారు తెల్లవాఱు వఱకు గంజి కాచుచునే యుండిరట. ఎందఱని యడిగితిమి. "లెక్కపెట్టలేదే అమ్మాయ్, గిన్నెలు చాల్లేదు. ఒకళ్ళు తాగాక ఒకళ్ళకి ఇచ్చాను" అనిరి. మేము మావారి వైపు చూచితిమి. వారు తాటాకు విసనకఱ్ఱ కొఱకు వెదకుచుండిరి.

మఱునాడు మావారు మండువా స్తంభములన్నియు వెదకి, సున్నము గీకి, తూర్పు వసారాలో మూడు గీతలు పట్టుకొనిరి. ఛాయాపటము తీసి అన్నదమ్ములకు పంపిరి. జూన్ మొదటివారమున పెంకు సర్దువానిని పిలిపించితిమి. మఱిది సగము ఖర్చు పంపెను. బావగారినుండి ఇంకను జాబు రాలేదు. అత్తగారు ఈ యేడు వేసిన ఆవకాయలో ఒక చిన్నజాడీ వేఱుగా తీసి, మూతకు గుడ్డ కట్టి, మూల అలమార అడుగున పెట్టితిమి.